తోక పొట్టి గద్ద: ఆఫ్రికా బాటెలర్

ఆకాశమున ఎగురు పెద్ద పక్షిని చూచి తెలుగులో గద్ద అనియు, ఉర్దూలో ఉకాబ్ అనియు చెప్పి ఊరకుండుట మనకు అలవాటు. పక్షిని గుర్తించుటకు రంగును, తోకను, రెక్కల అడుగుభాగమును, ఎగురు తీరును కలిపి పరిశీలింపవలెను. ఇందుకు ఆఫ్రికాలోని బాటెలర్ మంచి ఉదాహరణము.

సహారాకు దక్షిణమునగల పచ్చికబయళ్ళు దీని నివాసము. కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వనములలో ఇది కనిపించును. ఇది మన ప్రాంతపు పాముల గద్దలకు దగ్గరి చుట్టము.

పెరిగిన పక్షి తల, మెడ, పొట్ట నల్లగాను, వీపు ఇటుక రంగులోను, ముఖము, కాళ్ళు ఎఱ్ఱగాను ఉండును. తోక మిక్కిలి పొట్టి. ఎగురునపుడు కాళ్ళు దానిని దాటి కనిపించును. రెక్కల అడుగున వెనుక అంచుననున్న నల్లపట్టీ వెడల్పుగా ఉన్న మగపక్షి, సన్నగా ఉన్న ఆడపక్షి. పిల్లపక్షులు గోధుమవర్ణముతో ఉండుటచే ఇతర గద్దలని పొరబడుదుము. అపుడు పెద్ద తల, పొట్టి తోక మనకు ఆధారములు.

18వ శతాబ్దాంతమున ఫ్రెంచి యాత్రికుడు లెవయాన్ దీనికి ఈ పేరు పెట్టెను. ఫ్రెంచిలో బాటెలర్ అనగా వీధిలో విన్యాసములు చూపు ఆటగాడు. తీగపై నడుచువాడు చేతిలోని గడను అటునిటు వంచి తూకము నిలుపుకొనునట్లు, ఈ పక్షియు రెక్కలాడింపక ఇరుప్రక్కలకు ఒరుగుచు సాగిపోవును. ఎండ కాగి గాలి వేడెక్కిన పిదప బయలుదేరి, పగటిలో అధికభాగము ఆకాశముననే గడపును.

పాములు, చిన్న జంతువులు, పక్షులు దీని ఆహారము. చచ్చిన జంతువులను సైతము తినును. నేలకు చేరువగా ఎగురుటచే కళేబరమును తరచుగా రాబందులకంటె ముందుగనే కనుగొనును. ఈ నేర్పే దానికి ముప్పైనది. పశువులను చంపు నక్కలకొరకు, హైనాలకొరకు కొందరు కళేబరములలో విషము కలుపుదురు. మొదట దానిని తిని మరణించునది బాటెలర్.

ఆ లోటు త్వరగా తీరునది కాదు. ఆడపక్షి ఒక ఈతకు ఒకే గ్రుడ్డు పెట్టును. పిల్లకు పెద్దపక్షి రంగులు పూర్తిగా వచ్చుటకు ఏడెనిమిదేండ్లు పట్టును. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని అంతరించు ప్రమాదముననున్న పక్షిగా ప్రకటించెను.

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరముల ద్వారా సోకి మన రాబందులు లక్షలకొలది నశించినవి. 2006లో ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించునప్పటికే జరుగవలసిన నష్టము చాలవరకు జరిగిపోయినది. పక్షిని పేరుతో గుర్తింపనేరని వారికి అది తగ్గిపోవుటయు తెలియదు. కావున విద్యార్థులమైన మనము తల యెత్తి చూచుట, చూచినదానిని వ్రాసియుంచుట నేటినుండియే అలవరచుకొందము.