‘ఉన్నాను’ అంటే ఎక్కడ?



సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఒక సాయంత్రం వరండాలో కూర్చుని మేము నలుగురం తెలుగువాళ్ళం ఒక చిక్కులో పడ్డాం. ఆ ఉదయం ఫ్రెంచి తత్వవేత్త దేకార్తు పాఠం ఇంగ్లీషులో జరిగింది. అన్నింటినీ సందేహించవచ్చు గాని సందేహిస్తున్న నన్ను నేను సందేహించలేను, ఆలోచిస్తున్నాను గనుక నేను ఉన్నాను అని ఆయన వాదం. దాన్ని తెలుగులో ఒకరికొకరం అప్పజెప్పుకోబోయాం. ‘నేను ఉన్నాను’ అని ఒకడు అనగానే ఇంకొకడు ‘ఎక్కడ?’ అన్నాడు. అందరం నవ్వుకున్నాం, ఇంగ్లీషులోనే బట్టీపట్టి పరీక్ష రాశాం.

ఆ ‘ఎక్కడ?’ అనే ప్రశ్నను నవ్వి వదిలేయకుండా పట్టుకున్న పండితులు ఆఫ్రికాలో ఉన్నారని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. తెలియకపోవడం వింత కూడా కాదు. మా పాఠాల్లో గ్రీసు ఉండేది, జర్మనీ ఉండేది, మన శంకరులు, రామానుజులు ఉండేవారు. ఆఫ్రికా మాత్రం లేదు. పునీత అగస్టీనువారిని చదివాం గాని, ఆయన 354లో పుట్టిన తగాస్తె నేటి అల్జీరియా దేశంలో ఉన్నదని, ఆయన ఆఫ్రికా బిడ్డ అని ఎవరూ నొక్కి చెప్పలేదు. చిన్ననాటి భూగోళం పుస్తకంలో చదివిన ‘చీకటి ఖండం’ అనే మాటే మా తలల్లో ఉండిపోయింది. చీకటి ఖండంలో ఉందా, చూసేవాడి కంట్లో ఉందా అని అప్పుడు అడగలేదు.

ఆ పండితులలో ఒకరు మనవంటి గురువే. పేరు ఫాదర్ అలెక్సిస్ కగామె. 1912లో రువాండాలో పుట్టి, 1941లో గురుపట్టాభిషేకం పొందారు. రాజాస్థానంలో వంశచరిత్రలను కంఠస్థం చేసి కాపాడే కుటుంబం వారిది. ‘కిన్యమతెక’ అనే కథోలిక పత్రికకు కొంతకాలం సంపాదకులుగా కూడా పనిచేశారు గనుక, ఈ పత్రిక చదివే మీకు ఆయన మరీ పరాయివాడు కాదు. రోములో గ్రెగోరియన్ విశ్వవిద్యాలయంలో ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం 1956లో అచ్చయింది. రువాండా భాష వ్యాకరణం లోపల ఒక తత్వశాస్త్రం దాగి ఉన్నదని అందులో ఆయన చూపబోయారు.

ఇక్కడ కొంచెం వ్యాకరణం తప్పదు, ఓపిక పట్టండి. మధ్య, దక్షిణ ఆఫ్రికాలలో వందలాది భాషలను కలిపి బంటు భాషలు అంటారు. మన రామబంటులోని బంటు కాదు. రువాండాలో ‘అబంటు’ అంటే మనుషులు, ఒక్కరైతే ‘ఉముంటు’. ఆ భాషల్లో నామవాచకాలన్నీ వర్గాలుగా విడిపోయి ఉంటాయి, మాట మొదట్లో వచ్చే అక్షరాలే ఆ వర్గానికి గుర్తు. అరిస్టోటిల్ ఉన్నవాటన్నిటినీ పది పదార్థాలుగా విభజించాడని మేము చదువుకున్నాం. కగామెగారు తమ భాషను జల్లెడ పట్టి నాలుగు చాలునన్నారు: బుద్ధి గలవాడు ఉముంటు, బుద్ధి లేనిది ఇకింటు, చోటూ కాలమూ కలిసి అహంటు, తీరుతెన్నులన్నీ ఉకుంటు. అరిస్టోటిల్ ఒకటిగా చూసిన ద్రవ్యాన్ని వీరి భాష రెండు చేసింది. ఆయన విడదీసిన స్థలకాలాలను ఒకటి చేసింది. మిగిలిన ఏడింటినీ ఒక్క మూటగా కట్టింది. మరి దేవుడు ఏ వర్గం? ఏ వర్గమూ కాదు, ఈ నాలుగింటినీ ఉండనిచ్చినవాడు వీటిలో ఒకడు కాజాలడు అన్నారు కగామె.

ఇది చదివినప్పుడు నాకు మన తెలుగు మాస్టారు గుర్తుకొచ్చారు. మహత్తు, అమహత్తు అని మనకూ ఉన్నది గదా! ‘వాడు వచ్చాడు’ అంటాం, అది మహత్తు. ‘ఆవు వచ్చింది’ అంటాం, అది అమహత్తు. ‘అమ్మ వచ్చింది’ అంటాం. అంటే ఒక్కతిగా ఉన్నంతసేపు స్త్రీని మన క్రియాపదం ఆవు పక్కన నిలబెడుతుంది, నలుగురు కలిసి వస్తే మాత్రం ‘వచ్చారు’ అని మగవారితో కలుపుతుంది. రువాండా భాషలో ఈ తేడా లేదు. పురుషుడు ‘ఉముగబొ’, స్త్రీ ‘ఉముగొరె’, ఇద్దరూ ఉముంటు వర్గమే.

అయితే ఇందులోనే కగామెగారి వాదానికి ఎదురుదెబ్బ కూడా ఉంది. వ్యాకరణమే తత్వమైతే, తెలుగువాళ్ళందరూ తల్లిని పశువుతో సమానంగా చూస్తారని ఒక విదేశీ పండితుడు రాసుకుపోతే మనం ఒప్పుకుంటామా? బెనిన్ దేశపు పౌలిన్ హుంటోంజి (1942-2024) దాదాపు ఇటువంటి అభ్యంతరమే లేవదీశారు. ఒక జాతి అంతా కలిసి, తనకే తెలియకుండా, ఒకే తత్వాన్ని నమ్ముతుందని చెప్పడం ఆ జాతిని గౌరవించడం కాదని ఆయన పట్టుదల. ఆలోచించేది మనుషులు, పేరుపేరునా. ఒకరు వాదిస్తారు, మరొకరు ఖండిస్తారు, అది తత్వశాస్త్రం. ఈ విషయంలో నా మొగ్గు హుంటోంజి వైపే. అయినా కగామెగారు చేసిన పని వృథా అనను. తన తల్లిభాషను అరిస్టోటిల్ ఎదుట కూర్చోబెట్టి సమానంగా మాట్లాడించడానికి ఆ రోజుల్లో ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఇక ‘ఎక్కడ?’ దగ్గరకు వద్దాం. ఘనా దేశంలోని కుమాసిలో 1931లో పుట్టిన క్వాసి విరెడు ఆక్స్‌ఫర్డులో చదువుకుని, తిరిగివచ్చి స్వదేశంలో తత్వశాస్త్రం బోధించారు. తమ అకాన్ భాషలో ‘ఉండటం’ అనడానికి ఉన్న మాట అక్షరాలా ‘అక్కడ ఉండటం’ అని ఆయన చూపించారు. దేకార్తు మాట అకాన్‌లో చెబితే, ఆలోచిస్తున్నాను గనుక ఫలానా చోట ఉన్నాను అన్నట్టు వినబడుతుంది. శరీరమూ చోటూ లేని ఉత్త ‘నేను’ను నిరూపించబోయిన వాదం చోటు దగ్గరే తడబడిపోతుంది. రువాండా భాషలోనైతే ‘నేను ఉన్నాను’ అని ఆగిపోతే విన్నవాడు ‘ఏమై ఉన్నావు?’ అని అడుగుతాడని కగామెగారు అంతకుముందే అన్నారు. మా వరండాలోని ప్రశ్నే!

దేకార్తు తప్పు అని విరెడు అనలేదు. పరాయి భాషలో నేర్చుకున్న ప్రతి పెద్ద మాటనూ నీ భాషలోకి తెచ్చి చూడు, నిలబడితే ఉంచుకో, కరిగిపోతే అది నిజమైన సమస్యా లేక ఆ భాష పెట్టిన తిరకాసా అని ఆలోచించు అన్నారు. ఇంటివాటిని కూడా ఆయన వదలలేదు. కాలం చెల్లిన వాటిని పట్టుకు వేలాడటాన్నీ, పెద్దలకు ఎదురు చెప్పరాదనే కట్టడినీ తన 1980 నాటి పుస్తకంలో గట్టిగానే విమర్శించారు.

ఒక్కచోట నాకు ఆయనతో పేచీ ఉంది. ఉండటం అంటే ఒక చోట ఉండటమే అయినప్పుడు, ఏమీ లేనిదాని నుండి లోకాన్ని కలుగజేయడం అనే మాటకు అకాన్ భాషలో అర్థం పొసగదని, వారి దేవుడు గొప్ప శిల్పి వంటివాడని విరెడు అంటారు. సత్యోపదేశం చెప్పే నాకు ఇది మింగుడుపడదు. మాట పొసగనంత మాత్రాన విషయం లేకుండా పోదు. భాషలు సాగుతాయి. నాకు వంతపాడే అకాన్ పండితుడే ఒకరు దొరికారు. ఆయన క్వామె జెక్యె (1939-2019). ఆ మాటలోని ‘అక్కడ’ చోటును చెప్పడం ఎప్పుడో మానేసిందని, అది ఉత్త ‘ఉండటం’ గానే వాడుకలో ఉన్నదని ఆయన వాదన. ఇద్దరూ ఒకే భాషవారు, ఒకే విశ్వవిద్యాలయంలో పనిచేసినవారు, ఒక్క మాట మీద ఇంత తర్కం! ఆఫ్రికావారి సృజనాత్మకత అనగానే డప్పులూ ముఖానికి తొడుక్కునే కొయ్యబొమ్మలూ మాత్రమే తలచుకునేవారికి ఈ తగవును చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అకాన్ వారి గుడ్డలమీద అద్దే గుర్తులలో రెండు తలల మొసలి బొమ్మ ఒకటుంది. తలలు రెండు, కడుపు ఒకటే. తిండి కోసం ఆ తలలు పోట్లాడుకుంటాయి, ఎవరు మింగినా చేరేది ఆ ఒక్క కడుపులోకే. అశాంతి రాజ్యంలో వంశపెద్దలు నాయకుని ఎదుట కూర్చుని, చేతులెత్తి లెక్క తేల్చుకోకుండా, ఒప్పుదల కుదిరేదాకా మాట్లాడుకునేవారని విరెడు రాశారు. ఓట్లలో ఓడినవాడి మాట ఏ నిర్ణయంలోనూ కనబడదు, అతని మనసు బయటనే ఉండిపోతుంది అని ఆయన బాధ. అందరి అభిప్రాయమూ ఒకటి కానక్కరలేదు, చేయవలసిన పని మీద ఒప్పుదల చాలు. కాని 1964లో ఘనాలోనే ఐకమత్యం పేరుతో ఏకపార్టీ పాలన వచ్చింది. నోరు మూయించడం ఒప్పుదల కాదని విరెడు అందుకే పదేపదే చెప్పవలసి వచ్చింది. (మన విచారణ సంఘం సమావేశాల్లో తెల్లవారేదాకా మాట్లాడినా ఒప్పుదల కుదరని సందర్భాలు నాకు తెలుసు. విరెడు గారికి మొసలి కథ బాగా పనికొచ్చింది గాని, గురువుకు నిద్ర కూడా కావాలి.)

దక్షిణ ఆఫ్రికాలో అదే ‘ంటు’ ధాతువు నుండి ‘ఉబుంటు’ వచ్చింది. అంటే మనిషితనం. సాటి మనుషుల వల్లనే మనిషి మనిషి అవుతాడని జూలూ ప్రజల సామెత. 1993లో రాసుకున్న తాత్కాలిక రాజ్యాంగంలో ఆ మాట చేరింది. 1996లో ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన జరిగిన సత్య-సమాధాన విచారణలకు అదే ఊపిరి అయింది.

ఇంతవరకు వినడానికి బాగుంది. కాని నేను రువాండా పేరెత్తాను గనుక 1994ను దాటి పోలేను. ఏప్రిల్ నుండి జూలై వరకు సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలను, చంపారు. చంపినవారూ చచ్చినవారూ మాట్లాడింది ఒకే భాష, స్త్రీని పురుషుణ్ణి ఒకే వర్గంలో ఉంచిన ఆ భాషే. జనాభాలో సగానికి పైగా కథోలికులు. న్తరామ, న్యరుబుయె దేవాలయాల్లోకి ప్రాణభయంతో చేరినవారిని ఆ గోడల మధ్యనే నరికారు. కగామెగారు 1981లోనే కన్నుమూశారు, ఇది చూడలేదు. అంతకుముందు నెలల తరబడి రేడియో టుట్సీలను ‘ఇన్యెంజి’ అన్నది. అంటే బొద్దింకలు. ఉముంటు అనవలసినవాణ్ణి పురుగు పేరుతో పిలిచారు, ఆ తరువాత కత్తి పట్టుకోవడం సులువైంది. కగామెగారి పుస్తకం చదివిన వ్యాకరణ దృష్టితో నాకు తోచిన మాట ఇది, చరిత్రకారులు ఇంకా చాలా కారణాలు చెబుతారు. అయినా మన పల్లెల్లో, మన కథోలిక ఇళ్ళలో కూడా, కొందరిని గురించి మాట్లాడేటప్పుడు క్రియాపదం ఎలా మారిపోతుందో మీరు విన్నారు, నేనూ విన్నాను. పనిమనిషిని ‘అది’ అనడం విని ఊరుకున్న రోజులు నాకు ఉన్నాయి.

2016లో రువాండా పీఠాధిపతులు, 2017 మార్చిలో నాటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు, శ్రీసభ బిడ్డల పాపాలకు క్షమాపణ వేడుకున్నారు.

జైళ్ళు పట్టనంతమంది నిందితులుండగా, ఆ దేశం తన పాత అలవాటును కొత్తగా మలచుకుంది. దాని పేరు ‘గచాచ’, అంటే పచ్చిక. పూర్వం ఊరిపెద్దలు పచ్చికమీద కూర్చుని తగవులు తీర్చేవారు. 2002లో మొదలై, 2005 నుండి దేశమంతటా వ్యాపించి, 2012 జూన్‌లో ముగిసేనాటికి సుమారు 12,000 గచాచ కోర్టులు 19 లక్షలకు పైగా కేసులు విన్నాయి. లాయర్లు లేరు, తీర్పరులు ఊరివారే. భయంతో నోరు విప్పనివారూ, పాతకక్షతో అబద్ధం చెప్పినవారూ ఉన్నారని విమర్శలు వచ్చాయి, అవి నిజమే. కాని అక్కడికి వచ్చిన తల్లులు, భార్యలు నిందితులను మరీ మరీ అడిగినది శిక్ష గురించి కాదు. మావాళ్ళను ఎక్కడ పడేశారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని. చాలామంది శవాలు ఆ జవాబుల వల్లనే దొరికాయి, పేరుపెట్టి పూడ్చుకోగలిగారు. అందరివీ దొరకలేదు. 2018లో కిగాలీ దగ్గర ఇళ్ళ మధ్యన మరికొన్ని సామూహిక సమాధులు బయటపడ్డాయి. అప్పటికి 24 ఏళ్ళు గడిచాయి.