ఆపదవేళ దంపతుల వీసా: త్వరిత పరిశీలన కోరే విధానం

భార్య ఒక దేశంలోను, భర్త మరొక దేశంలోను ఉండే కుటుంబాలు మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలకు కొత్తవి కావు. 1970వ దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణపు పనులు విస్తరించిన నాటినుండి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల యువకులు ఆ దారి పట్టారు. తరువాతి తరంలో చదువుకున్నవారు ఉన్నత విద్య కోసం, ఉద్యోగాల కోసం అమెరికా బాట పట్టారు. 2016 అక్టోబరు 11న పాత జిల్లాలు విడిపోయి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా పేరు మారినా ఇంటిల్లిపాది ఎదురుచూపు మారలేదు.

ఇటువంటి ఇంట ఒకరికి గుండెపోటు వచ్చినా, మూత్రపిండాలు చెడినా, రోడ్డు ప్రమాదం జరిగినా, అంతవరకు నెలల లెక్కన సాగిన వీసా నిరీక్షణ ఒక్కసారిగా ప్రాణంతో ముడిపడుతుంది. అట్టి సమయంలో దరఖాస్తును వరుస తప్పించి ముందుగా పరిశీలించుమని కోరవచ్చునా? కోరితే ఏమి చూపాలి? ఈ విషయాలను విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసోద్దేశం.

పాస్‌పోర్టు, వీసా: భేదం

ముందుగా ఒక మౌలిక భేదాన్ని గ్రహించాలి. పాస్‌పోర్టు ఇచ్చేది మన ప్రభుత్వం. విదేశయానం రాజ్యాంగంలోని 21వ అధికరణం రక్షించే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, న్యాయమైన పద్ధతి లేకుండా దానిని హరించరాదని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో స్పష్టపరచింది. వీసా ఇచ్చేది పరదేశం. అది ఆ దేశపు విచక్షణకు లోబడినది. పౌరునికి సైతం తన భార్యను గాని భర్తను గాని దేశంలోకి రప్పించుకొనే ప్రాథమిక హక్కు రాజ్యాంగరీత్యా లేదని అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో తీర్పు చెప్పింది. కనుక త్వరిత పరిశీలన కోరేవారు హక్కును అడుగుతున్నామని తలచరాదు. అధికారి విచక్షణకు తగిన ఆధారాన్ని అతని ముందు ఉంచడమే వారు చేయగలిగిన పని.

అమెరికా పద్ధతి

అమెరికాలో స్థిరపడిన భార్య గాని భర్త గాని తన జీవిత భాగస్వామి కోసం మొదట ఐ-130 అనే పిటిషన్‌ను ఆ దేశపు పౌరసత్వ, వలస సేవల శాఖకు సమర్పించాలి. అది ఆమోదం పొందాక జాతీయ వీసా కేంద్రానికి చేరుతుంది. పత్రాలు, రుసుములు పూర్తయిన పిదప ఇంటర్వ్యూ జరుగుతుంది. హైదరాబాదులో 2008 నుండి అమెరికా కాన్సులేటు ఉన్నప్పటికీ, ఈ శాశ్వత నివాసపు వీసాల ఇంటర్వ్యూలకు మనవారు ముంబాయి వెళ్ళవలసి ఉంటుంది.

ఈ మూడు దశలలోను త్వరిత పరిశీలన కోరవచ్చును. మొదటి దశలో అత్యవసర పరిస్థితి, మానవతా కారణం అనేవి గుర్తింపు పొందిన ఆధారాలు. రెండవ దశలో వీసా కేంద్రం ప్రాణాపాయకరమైన వైద్య పరిస్థితినే పరిగణిస్తుంది. పిటిషన్ వేసినవారి లేఖ, వైద్యుని లేఖ రెండూ అందాలి. తుది నిర్ణయం కాన్సులేటుది.

అయితే ఒక పరిమితిని మరువరాదు. అమెరికా పౌరుల జీవిత భాగస్వాములకు వార్షిక సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారి జీవిత భాగస్వాములకు ఆ పరిమితి ఉంది. వారి వంతు తేదీ రాకముందు ఎంతటి ఆపద వచ్చినా వీసా ఇవ్వడానికి చట్టం ఒప్పదు. త్వరిత పరిశీలన ఫైలును ముందుకు జరుపుతుందే గాని చట్టం విధించిన సంఖ్యను పెంచదు. వైద్యపరీక్షను, ఇంటర్వ్యూను రద్దుచేయదు.

ఉద్యోగ వీసాపై ఉన్నవారి భార్య లేదా భర్త కోరే హెచ్-4 వీసా విషయం వేరు. దీనికి హైదరాబాదులోనే ఇంటర్వ్యూ ఉంటుంది. రుసుము చెల్లించి, లభించిన తేదీని మొదట తీసుకొని, ఆ తరువాతనే అత్యవసర తేదీకి విన్నవించుకోవాలి. తేదీ తీసుకోకుండా విన్నపం పంపి ఎదురుచూస్తే కాలం వృథా అవుతుంది.

గల్ఫ్ పరిస్థితి

మన పల్లెలకు దగ్గరి సమస్య ఇది. గల్ఫ్ దేశాలలో కుటుంబాన్ని రప్పించుకొనే అర్హత సాధారణంగా జీతాన్ని బట్టి ఉంటుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2019 నుండి నెలకు 4,000 దిర్హాములు గాని, వసతితో కూడిన 3,000 దిర్హాములు గాని కనీస ఆదాయంగా నిర్ణయించారు. భవన నిర్మాణ కూలికి అంత జీతం అరుదు. కనుక ఇంట బీడీలు చుట్టుకొనే భార్యకు కుటుంబ వీసా అందనిదే అవుతుంది.

అట్టివారికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, అవకాశమున్న దేశాలకు సందర్శక వీసాపై వెళ్ళడం. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పదవ తరగతి చదవనివారి పాస్‌పోర్టుపై ఉండే వలస అనుమతి నిబంధన ఉద్యోగానికి వెళ్ళేవారికే వర్తిస్తుంది. రోగిని చూడబోయే భార్యకు ఆ అనుమతి అక్కరలేదు. అది కావాలని చెప్పి డబ్బు గుంజే దళారుల మాట నమ్మరాదు. రెండవది, రోగినే స్వదేశానికి రప్పించడం. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి మన రాయబార కార్యాలయాలు అర్హులైన నిరుపేదలకు చికిత్సలోను, తిరుగు ప్రయాణంలోను సహాయం చేయవచ్చును. 2015లో విదేశాంగ శాఖ ప్రారంభించిన ‘మదద్’ ద్వారా ఇంటినుండే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చాలా కుటుంబాలకు రెండవ మార్గమే త్వరగా ఫలిస్తుంది.

వైద్యుని లేఖ

విన్నపానికి ప్రాణం వైద్యుని లేఖ. ‘ఆరోగ్యం బాగుగా లేదు, విశ్రాంతి అవసరం’ అనే చీటీ ఎందుకూ కొరగాదు. ఒక ఉదాహరణను ఊహించుకొందాం. అమెరికాలో ఉన్న భర్తకు మూత్రపిండాలు చెడిపోయాయి. జగిత్యాల దగ్గరి పల్లెలో ఉన్న భార్య తన మూత్రపిండం ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. అప్పుడు లేఖలో వ్యాధి పేరు, ప్రస్తుత తీవ్రత, చికిత్స జరగవలసిన గడువు, ఆలస్యమైతే కలిగే ప్రమాదం, మరొకరు కాక ఈ భార్యయే రావలసిన కారణం స్పష్టంగా ఉండాలి. ఆస్పత్రి శీర్షిక గల కాగితంపై వైద్యుని పేరు, సంతకం, తేదీ, ఫోను నంబరు ఉండాలి. దంపతుల పేర్లు, పుట్టిన తేదీలు, కేసు నంబరు జతపరచాలి. రోగి బాధను వర్ణించే పది పుటలకంటె ఈ వివరాలుగల ఒక్క పుట విలువైనది.

తొందరలో దొంగ ధ్రువపత్రం సృష్టించుకొనుటకు ఎవరైనా ప్రోత్సహించవచ్చు. ముఖ్యమైన విషయంలో అసత్యం చెప్పి వీసా కోరినవారిపై అమెరికా చట్టం శాశ్వత నిషేధం విధిస్తుంది. ఒక్క అబద్ధంతో దంపతులు జన్మాంతం దూరం కావలసి రావచ్చును.

వివాహ పత్రం

ఆపదవేళ అనేక కుటుంబాలను నిలిపివేసేది వ్యాధి నిరూపణ కాదు, వివాహ నిరూపణ. 2016 డిసెంబరు నుండి పాస్‌పోర్టుకు వివాహ ధ్రువపత్రం అవసరం లేకపోవడంతో దాని అవసరమే తీరిందని పలువురు భావిస్తున్నారు. వీసాకు అది తప్పనిసరి. వివాహాల నమోదు గురించి 2002లో చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు సీమా కేసులో అన్ని మతాలవారి వివాహాలు నమోదు కావాలని ఆదేశించింది.

ముస్లిం కుటుంబాలలో నికాహ్‌నామా సాధారణంగా ఉర్దూలో ఉంటుంది. దానికి ఆంగ్లానువాదం, వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఇచ్చే ధ్రువపత్రం ముందే సిద్ధపరచుకోవాలి. నికాహ్‌నామాలో ఒక పేరు, పాస్‌పోర్టులో ‘బేగం’ చేరిన మరొక పేరు, ఆధార్‌లో వేరొక వర్ణక్రమం ఉంటే త్వరిత పరిశీలన సైతం అక్కడే ఆగిపోతుంది. హిందూ కుటుంబాలలో ఇంటిపేరు మార్పు వలన ఇదే చిక్కు వస్తుంది. పత్రాలపై అపోస్టిల్ ముద్రను 2005లో హేగ్ ఒప్పందంలో చేరిన మన దేశపు విదేశాంగ శాఖ వేస్తుంది. సౌదీ అరేబియా 2022లో ఈ ఒప్పందంలో చేరింది. చేరని దేశాలకు ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ఇవన్నీ వారాలు పట్టే పనులు; రోగి మంచం పట్టిన తరువాత ఆరంభిస్తే ఆపద ఆగదు.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలో విన్నపాలు రాసేది, ఫారాలు నింపేది మీరే. పెద్దల పెండ్లి పత్రం ఏ పెట్టెలో ఉన్నదో ఈ సెలవులలో వెదకండి. అక్కల, వదినల పాస్‌పోర్టులలోని పేర్లను ఆ పత్రంతో సరిపోల్చండి. తేడా కనిపిస్తే సవరణకు ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. ఉర్దూ, ఆంగ్లం తెలిసినవారు అనువాదంలో ఇరుగుపొరుగుకు తోడ్పడండి. ఆపదలో అధికారి కరుణ మన చేతిలో లేదు. అతని ముందు ఉంచవలసిన కాగితం మాత్రం నేడే మన చేతిలో ఉంది.