పెరటిలో అలంకారపు గడ్డి: విత్తనమునుండి పెంచు విధము

ఇంటి ముందు బంతి, చేమంతి పెంచువారు గడ్డి కనబడగానే పీకివేయుదురు. కాని కంకుల అందము కొరకే పెంచదగిన గడ్డిజాతులు కలవు. వాటికై ఎక్కడికో పోనక్కరలేదు. మన సజ్జయు, కొర్రయు గడ్డిజాతివే. 2003లో ‘పర్పుల్ మెజెస్టీ’ అను ఊదారంగు సజ్జకు పూలతోట మొక్కగా అమెరికాలో బంగారు పతకము లభించినది. అది సంకరజాతి, దాని గింజలను దాచి మరల విత్తినచో మొక్కలన్నియు ఒకే తీరుగా రావు.

లీటరు నీటిలో 20 గ్రాముల ఉప్పు కరగించి, సజ్జ గింజలను 10 నిమిషములు ఉంచుడు. తేనెబంక తెగులు సోకినవియు, తాలు గింజలును పైకి తేలును. వాటిని తీసివేసి, మునిగిన గింజలను మంచినీట కడిగి నీడన ఆరబెట్టుడు.

రెండుపాళ్లు మట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి మడి కట్టుడు. జూన్, జూలై మాసములు అనుకూలము. సజ్జను రెండు సెంటీమీటర్ల లోతునను, కొర్రను అంతకు తక్కువ లోతునను విత్తుడు. మొక్కలు మూడు నాలుగు ఆకులు తొడిగిన పిమ్మట పలుచన చేసి, సజ్జకు ఒక అడుగు, కొర్రకు అరడుగు ఎడముంచుడు. రోజంతయు ఎండ తగలవలెను. నీడలో ఊదా సజ్జకు రంగు రాదు. కంకులు పూర్తిగా వెలువడగానే కోసి, తలక్రిందులుగా నీడన వ్రేలాడదీసిన యెడల చాలకాలము ఇంటిలో అలంకారముగా నుండును.

నాలుగు మొక్కలకు ఇంత శ్రద్ధ ఎందుకని మీరడుగవచ్చును. పెరటి సజ్జకు వచ్చు తెగులే పొలములోని సజ్జకును వచ్చును. ఆకులు పాలిపోయి అడుగున తెల్లని బూజు కనిపించినను, కంకి ఆకులవలె మారినను అది వెర్రికంకి తెగులు. అట్టి మొక్కను వెంటనే పీకి కాల్చివేయుడు. పెంటకుప్పపై వేయరాదు. ఆ ఎరువుతో తెగులు పొలము చేరును. దాని బీజములు నేలలో ఏండ్ల తరబడి నిలిచియుండును.

నర్సరీలలో అమ్ము ఫౌంటెన్ గడ్డి విషయమున మరింత జాగ్రత్త అవసరము. అది సజ్జకు దగ్గరి జాతి, బహువార్షికము. దాని గింజలు గాలికి ఎగిరిపోవును. హవాయి దీవులలో అది తోటలు దాటి బీళ్లను ఆక్రమించి, ఎండినపుడు మంటలు వ్యాపించుటకు కారణమైనది. దానికి బదులు ఏటేటా విత్తుకొను సజ్జ, కొర్రలే మేలు. మన ముంగిలి అందము పొరుగు రైతు చేనికి కలుపు గాని, తెగులు గాని కారాదు.