యు.ఎస్.బి. సీరియల్ అడాప్టరును ఎన్నుకొనుట యెట్లు?

ఎలక్ట్రానిక్సు పనులయందు ఆసక్తి గల బాలబాలికలు, యువజనులు నేడు మన పల్లెలలోను పెక్కుమంది కనిపించుచున్నారు. పొలములోని తేమను కొలుచు సాధనమును, తొట్టి నిండగానే నీటి మోటారును ఆపివేయు సాధనమును తమ చేతులతోనే తయారుచేయవలెనని వారి ఉత్సాహము. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు పాఠశాలలలో ఈ ఆసక్తికి తోడ్పడినవి. అయితే ఇట్టి పనికి పూనుకొన్నవారికి మొదటనే ఒక చిక్కు ఎదురగుచుండును. కంప్యూటరుపై వ్రాసిన ప్రోగ్రామును చిన్న బోర్డులోనికి ఎక్కించుట యెట్లు? కొన్ని బోర్డులలో అందుకు తగిన ఏర్పాటు ముందే యుండును. అది లేని బోర్డులకు యు.ఎస్.బి. సీరియల్ అడాప్టరు కావలెను. చూచుటకు మిక్కిలి చిన్నదైన ఈ వస్తువును సరిగా ఎన్నుకొననిచో కష్టార్జితముతో కొన్న బోర్డు క్షణములో పాడగును. కావున కొనుటకు ముందు తెలియవలసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

అడాప్టరు చేయు పని

సీరియల్ పద్ధతిలో సమాచారము చీమల బారువలె ఒకే తీగపై ఒక బిట్టు వెనుక మరియొక బిట్టుగా నడచును. పంపుటకు ఒక తీగ, అందుకొనుటకు ఒక తీగ, రెండింటికి ఉమ్మడిగా గ్రౌండు తీగ ఉన్న చాలును. 9600 వేగమనగా సెకనుకు 9600 బిట్లు. ఒక్కొక్క అక్షరమునకు ఆరంభ, అంత్య బిట్లతో కలిపి సాధారణముగా 10 బిట్లు పట్టును గనుక సెకనుకు 960 అక్షరములు పోవును.

పూర్వము కంప్యూటర్లకు సీరియల్ ద్వారము ఉండెడిది. 1996లో యు.ఎస్.బి. ప్రమాణము వెలువడిన పిదప అది క్రమముగా కనుమరుగైనది. యు.ఎస్.బి. భాష వేరు, బోర్డు భాష వేరు. వీని నడుమ దుబాసివలె నిలిచి ఒకరి మాట నొకరికి చెప్పునదే అడాప్టరు.

రెండు జాతులు

అడాప్టర్లలో రెండు జాతులు గలవని మొట్టమొదట గ్రహింపవలెను. 1960లో ఏర్పడిన ఆర్.ఎస్. 232 ప్రమాణము ననుసరించునది మొదటి జాతి. దీని చివర సాధారణముగా 9 పిన్నుల కనెక్టరు ఉండును. దీనిలో సంకేతము 5 నుండి 15 వోల్టుల వరకు ధనముగాను, ఋణముగాను మారుచుండును. పాత యంత్రములకు, 9 పిన్నుల ద్వారము గల ఎలక్ట్రానిక్ కాటాలకు ఇది తగినది.

రెండవ జాతిని టి.టి.ఎల్. అడాప్టరు అందురు. దీని సంకేతము 0 నుండి 5 వోల్టుల వరకో, 0 నుండి 3.3 వోల్టుల వరకో మాత్రమే యుండును. దీనికి పెద్ద కనెక్టరు ఉండదు, టి.ఎక్స్., ఆర్.ఎక్స్., జి.ఎన్.డి., వి.సి.సి. అను పేర్లు గల పిన్నులు వరుసగా నుండును. చిన్న బోర్డులకు కావలసినది ఇదియే. మొదటి జాతి అడాప్టరును చిన్న బోర్డునకు నేరుగా కలిపినచో ఆ వోల్టులకు తాళలేక బోర్డు కాలిపోవచ్చును. అంగడిలో రెండింటిని "సీరియల్ అడాప్టరు" అనియే పిలుతురు. పేరును నమ్మక చివరనున్న పిన్నులను చూచి కొనవలెను.

వోల్టుల విషయము

ఆర్డునో ఊనో బోర్డు 5 వోల్టులతో పనిచేయును. ఈ.ఎస్.పి. 8266, రాస్ప్‌బెరీ పై బోర్డుల పిన్నులు 3.3 వోల్టులవి. ఆర్డునో ప్రో మినీ రెండు రకములుగా దొరకును. అందువలన రెండు వోల్టులకును మార్చుకొనదగిన జంపరు గల అడాప్టరును కొనుట మేలు.

ఈ విషయమున మేమును దెబ్బతింటిమి. ఒకనాడు జంపరు 5 వోల్టుల వైపున నున్నదని గమనింపక ఈ.ఎస్.పి. 8266 బోర్డును కలిపితిమి. వ్రేలితో తాకి చూచునప్పటికే చిప్పు కాలుచుండెను. మరల అది పనిచేయలేదు. నాటినుండి జంపరును చూడక తీగ కలుపుట మానితిమి.

ఇంకొక మెలిక కలదు. కొన్ని అడాప్టర్లలో జంపరు వి.సి.సి. పిన్నును మాత్రమే మార్చును. సంకేతపు వోల్టు మారదు. దీనిని కనుగొను ఉపాయము సులభము. అడాప్టరును కంప్యూటరునకు కలిపి, బోర్డును కలుపక, జి.ఎన్.డి., టి.ఎక్స్. పిన్నుల నడుమ మల్టీమీటరుతో కొలువవలెను. సమాచారము పోనప్పుడు టి.ఎక్స్. పై స్థాయిలోనే యుండును గనుక మీటరు నిజమైన వోల్టును చూపును. 5 చూపినచో ఆ టి.ఎక్స్. నుండి 1 కిలోఓము నిరోధకమును, దాని తరువాత గ్రౌండునకు 2 కిలోఓముల నిరోధకమును అమర్చి, రెండును కలియు చోటినుండి బోర్డునకు తీగ తీసికొన్నచో 3.3 వోల్టులు లభించును.

విద్యుత్తు చాలునా యనియు చూడవలెను. ఎఫ్.టి. 232 ఆర్. చిప్పు తన 3.3 వోల్టుల పిన్నునుండి 50 మిల్లీయాంపియర్లు మాత్రమే ఈయగలదు. వై-ఫై పంపునపుడు ఈ.ఎస్.పి. 8266నకు అంతకు ఎన్నోరెట్లు కావలెను. అట్టి బోర్డునకు వేరుగా 3.3 వోల్టుల సరఫరా నిచ్చి, గ్రౌండులను మాత్రము కలుపవలెను.

చిప్పుల తరతమములు

సి.హెచ్. 340 చిప్పు గలది చవుక. సి.పి. 2102, ఎఫ్.టి. 232 ఆర్., పి.ఎల్. 2303 అనునవి తక్కిన ప్రసిద్ధ చిప్పులు. లినక్సులో ఈ నాలుగింటికిని డ్రైవర్లు ముందే యున్నవి. పాత రకపు పి.ఎల్. 2303 చిప్పులకు క్రొత్త విండోసులో డ్రైవరు చిక్కులు గలవు. ఎఫ్.టి. 232 ఆర్.లో నకిలీలు మెండు. 2014లో వెలువడిన ఒక డ్రైవరు వలన పెక్కు నకిలీ చిప్పులు పనిచేయకుండ పోయినవి. వేగమునకై అధిక ధన మీయనక్కరలేదు. ఈ పనులకు 115200 వేగము సాధారణముగా చాలును. ఈ చిప్పులన్నియు దానిని మించినవే. పాఠశాలకు సి.హెచ్. 340 గాని, సి.పి. 2102 గాని చాలును.

డి.టి.ఆర్. పిన్ను బయటికి తీసియున్న అడాప్టరును కొనుడు. బ్రెడ్‌బోర్డుపై అమర్చిన ఆర్డునో చిప్పు యొక్క రీసెట్ పిన్నునకు దీనిని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా కలిపినచో, ప్రోగ్రాము ఎక్కించు ప్రతిసారి బొత్తామును నొక్కు శ్రమ తప్పును.

కొన్న వెంటనే పరీక్ష

అడాప్టరు టి.ఎక్స్., ఆర్.ఎక్స్. పిన్నులను ఒక తీగ ముక్కతో కలిపి, కంప్యూటరులో సీరియల్ మానిటరును తెరచి ఒక మాట పంపుడు. ఆ మాటయే తిరిగి వచ్చినచో అడాప్టరు మంచిది. కంప్యూటరు అడాప్టరును గుర్తింపనిచో వెంటనే దానిని నిందింపరాదు. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు కేబులు కావచ్చును. బోర్డునకు కలుపునపుడు గ్రౌండును ముందు కలిపి, అడాప్టరు టి.ఎక్స్.ను బోర్డు ఆర్.ఎక్స్.నకును, అడాప్టరు ఆర్.ఎక్స్.ను బోర్డు టి.ఎక్స్.నకును కలుపవలెను.

కావున అంగడికి పోవునపుడు నాలుగు ప్రశ్నలను జ్ఞప్తియందుంచుకొనుడు. ఇది ఏ జాతి? ఎన్ని వోల్టులు? ఏ చిప్పు? డి.టి.ఆర్. ఉన్నదా? ఈ నాలుగింటికి సరియైన సమాధానము దొరికినచో ధనము వృథా కాదు. చేతిలోని బోర్డు చెడక నిలిచినప్పుడే నేర్చుకొను పిల్లల ఉత్సాహమును నిలుచును.