పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును పరీక్షించుట

ఈ కారునందు పెట్రోలు ఇంజనును, విద్యుత్తుతో నింపుకొను బ్యాటరీయు గలవు. కావున పాతదానిని కొనువారు రెంటిని వేర్వేరుగా పరీక్షింపవలెను. అమెరికాలో 2010 మొదలు 2019 వరకు తయారైన షెవర్లే వోల్ట్ ఇందుకు నిదర్శనము. 2011 నమూనా విద్యుత్తుతో సుమారు 56 కిలోమీటర్లు పోవునని అచటి ప్రభుత్వ పర్యావరణ సంస్థ లెక్క. చలియు, అతివేగమును ఈ దూరమును తగ్గించును గనుక, సమశీతల దినమున నిండుగా చార్జి చేసి, ఇంజను అందుకొనువరకు నెమ్మదిగా నడుపవలెను. 42 వచ్చినచో నాలుగవ పాలు తరిగినదని బడిపిల్లలును లెక్కింపగలరు. పిదప ఇంజను చప్పుడును, పొగను గమనింపవలెను. బ్యాటరీకి తయారీదారు హామీ 8 సంవత్సరములే; గడువు తీరినచో మార్పించు వ్యయము కొన్నవారిదే. ఇంట చార్జి వసతి లేనివారికి ఆ బ్యాటరీ వట్టి బరువు. తల్లిదండ్రులారా! పిల్లల చదువుకై కూడబెట్టిన సొమ్మును మెరుగు జూచి గాక, కొలత జూచి వెచ్చింపుడు.