గడియారం ఒక్కటైతేనే శబ్దం నిలుస్తుంది: నెట్‌వర్క్ కేబుల్‌లో స్టూడియో ధ్వని

లంబాలైన్‌లో సూర్యుడు గడియారం కంటే ముందుంటాడు. అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం ఉన్న ప్రాంతం ఇది. 2024లో ఆ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గరగా వెళుతుంది. లంబాలైన్ సుమారు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అందుకే ఆ రేఖాంశం మీద కంటే లంబాలైన్‌లో దాదాపు 41 నిమిషాల ముందే సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అయినా అక్కడి విమానాలు, బడులు, ఆఫీసులు అన్నీ ప్రామాణిక కాలం ప్రకారమే నడుస్తాయి. అందరూ ఒకే గడియారాన్ని ఒప్పుకుంటేనే పనులు సాగుతాయి.

రికార్డింగ్ స్టూడియోలోని డిజిటల్ పరికరాలకూ ఇలాంటి ఒప్పందమే కావాలి. కాకపోతే అక్కడ లెక్క నిమిషాల్లో కాదు, సెకనులో పది లక్షల వంతుల్లో ఉంటుంది.

శబ్దం అంకెలుగా మారేటప్పుడు

మైక్ ముందు ఎవరైనా పాడితే గాలిలోని కదలిక విద్యుత్ సంకేతంగా మారుతుంది. డిజిటల్ పరికరం ఆ సంకేతాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. ఈ ఒక్కో కొలతను నమూనా అంటారు. రెండు నమూనాల మధ్య వ్యవధి దాదాపు 21 మైక్రోసెకన్లు. ఒక మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు.

ఎప్పుడు కొలవాలో చెప్పేది పరికరంలోని క్వార్ట్జ్ స్ఫటికం. విద్యుత్ తగిలితే అది నిలకడగా కంపిస్తుంది. చేతి గడియారాల్లో ఉండేదీ ఇదే. అయితే ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకేలా కంపించవు. కోసిన తీరు, గది వేడి, వయసు వాటి వేగాన్ని కొద్దిగా మారుస్తాయి. రెండు పరికరాల మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉండటం అసాధారణమేమీ కాదు. చేతి గడియారంలో అయితే అది రోజుకు 2 సెకన్లు కూడా కాదు. మనం పట్టించుకోం. స్టూడియో మాత్రం పట్టించుకోక తప్పదు.

యాభై సెకన్లకో ‘టక్’

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలా కుటుంబాలు ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లినవే. అలాంటి ఒక ఇంటి పెద్దావిడ పాటలను లంబాలైన్‌లోని ఒక చిన్న గదిలో రికార్డు చేస్తున్నారనుకుందాం. మైక్‌ను అంకెలుగా మార్చే పెట్టె ఒకటి, డిజిటల్ మిక్సర్ ఒకటి ఉన్నాయి. రెండూ 48,000 దగ్గరే పెట్టి ఉన్నాయి. కానీ రెండూ ఎవరి స్ఫటికాన్ని అవి నమ్ముకుని నడుస్తున్నాయి.

మొదటి పెట్టె స్ఫటికం పది లక్షలకు 20 వంతులు వేగంగా ఉంటే, అది సెకనుకు దాదాపు ఒక నమూనా ఎక్కువగా పంపుతుంది. మిక్సర్ వాటిని కాసేపు నిల్వ ఉంచుకునే చోటును బఫర్ అంటారు. కుళాయి నుంచి పడే నీళ్లు తూము నుంచి పోయే నీళ్ల కంటే కొంచెం ఎక్కువైనా తొట్టె ఎప్పటికో పొంగుతుంది. బఫర్‌లో 48 నమూనాలకు ఖాళీ ఉంటే 50 సెకన్లలో అది నిండిపోతుంది. మిక్సర్ కొన్ని నమూనాలను పారేస్తుంది. ఆ చోట పాటలో ‘టక్’ మని వినిపిస్తుంది. పంపే పెట్టె నెమ్మదిగా ఉంటే తొట్టె ఎండిపోతుంది. అప్పుడూ అదే ‘టక్’.

ఈ లోపం మనుషుల్ని తప్పుదారి పట్టిస్తుంది. మైక్ మారుస్తారు, కేబుల్ మారుస్తారు, కంప్యూటర్‌ను అనుమానిస్తారు. పరీక్షగా పది సెకన్లు విన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. పెద్దావిడ వెళ్లిపోయాక గంట రికార్డింగ్ వింటే అప్పుడు బయటపడుతుంది.

నెట్‌వర్క్‌లో కాలాన్ని పంపడం

పాత పద్ధతిలో దీనికి మందు తేలిక. ఒక పరికరం గడియారపు టిక్కులను విడి కేబుల్ ద్వారా మిగతా వాటికి పంపుతుంది. దాన్ని వర్డ్ క్లాక్ అంటారు. ఇప్పుడు స్టూడియోల్లో కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ కేబులే ధ్వనినీ మోస్తోంది. 48,000 నమూనాలు, ఒక్కోటి 24 బిట్లు అయితే ఒక చానల్‌కు సెకనుకు 11.52 లక్షల బిట్లు. 64 చానళ్లు కలిపినా 7.4 కోట్ల బిట్లే. సెకనుకు 100 కోట్ల బిట్లు మోసే మామూలు గిగాబిట్ కేబుల్‌కు అదేమీ బరువు కాదు.

చిక్కంతా సమయంతోనే. ఈథర్‌నెట్‌లో సమాచారం ప్యాకెట్లుగా వెళుతుంది. దారిలోని స్విచ్‌లో వేరే ప్యాకెట్ అడ్డు ఉంటే మన ప్యాకెట్ వెనక నిలబడాలి. అలా తోచినప్పుడు వచ్చే ప్యాకెట్ల నుంచి నిలకడైన టిక్కులు తీయలేం. అందుకని టిక్కులకు బదులు ‘ఇప్పుడు టైమెంత’ అనే సమాచారాన్నే పంపుతారు. ఈ పద్ధతి పేరు ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్, క్లుప్తంగా పీటీపీ. ఐట్రిపుల్‌ఈ సంస్థ 1588 నంబరు ప్రమాణంగా దీన్ని 2002లో తెచ్చింది, 2008లో సవరించింది.

నాలుగు సమయాలు, ఒక చిన్న లెక్క

నెట్‌వర్క్‌లో ఒక పరికరం లీడర్. మిగతావి ఫాలోయర్లు. లీడర్ తన గడియారంలో 100 మైక్రోసెకన్లు అయినప్పుడు ఒక సందేశం పంపింది. ఫాలోయర్‌కు అది తన గడియారం ప్రకారం 115కు చేరింది. తేడా 15. కానీ ఇందులో ప్రయాణానికి పట్టింది ఎంత, గడియారాల తేడా ఎంత? ఈ ఒక్క సందేశంతో తేలదు.

అందుకే ఫాలోయర్ తన గడియారం ప్రకారం 120కి తిరుగు సందేశం పంపుతుంది. లీడర్ గడియారంలో 125కు అది అందింది. ఈసారి తేడా 5. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పట్టిన ప్రయాణ కాలం ఒకటే అయితే, రెండు తేడాల సగటు ప్రయాణ కాలం: 15, 5 కలిపి సగం చేస్తే 10. రెంటి మధ్య ఉన్న తేడాలో సగం గడియారాల తేడా: 15 నుంచి 5 తీసి సగం చేస్తే 5. అంటే ఫాలోయర్ 5 మైక్రోసెకన్లు ముందుంది. అది తన వేగాన్ని కాస్త తగ్గించుకుని సర్దుకుంటుంది. ఈ సంభాషణ ఆగకుండా సాగుతూ ఉంటుంది. మంచి నెట్‌వర్క్‌లో పరికరాల మధ్య తేడా ఒక మైక్రోసెకను లోపలే ఉంటుంది.

లీడర్ ఎవరన్నది పరికరాలే తేల్చుకుంటాయి. మనం ఇచ్చిన ప్రాధాన్యం, గడియారం నాణ్యత వంటివి పోల్చి ఒకదాన్ని ఎన్నుకుంటాయి. అది ఆగిపోతే తరువాతిది బాధ్యత తీసుకుంటుంది.

స్టూడియోలో గమనించాల్సినవి

మొదటి నియమం: లీడర్ ఒక్కటే ఉండాలి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే పరికరానికి ఆ ప్రాధాన్యం ఇవ్వాలి. ఎవరో మూసేసి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌కు కాదు.

రెండోది: పీటీపీలో 2002 రూపానికీ 2008 రూపానికీ పొత్తు కుదరదు. ఆస్ట్రేలియాకు చెందిన ఆడినేట్ సంస్థ డాంటే పద్ధతి మొదటి దాన్ని వాడుతుంది. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయాలని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2013లో తెచ్చిన ఏఈఎస్67 ప్రమాణం రెండో దాన్ని వాడుతుంది. రెండు రకాల పరికరాలను ఊరికే ఒకే స్విచ్‌కు తగిలిస్తే ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు లీడర్లు తయారవుతారు. డాంటే పరికరంలో ఏఈఎస్67 మోడ్ ఆన్ చేస్తే రెంటికీ వంతెన పడుతుంది.

మూడోది: పాత డిజిటల్ పరికరాన్ని కలిపితే దాని క్లాక్ సెట్టింగును ‘ఇంటర్నల్’ నుంచి ‘ఎక్స్‌టర్నల్’కు మార్చాలి. పై కథలోని ‘టక్’కు మూలం తరచూ ఈ ఒక్క సెట్టింగే.

నాలుగోది: స్విచ్‌లో విద్యుత్ ఆదా చేసే ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్ సదుపాయాన్ని ఆపేయాలి. అది కునుకు తీసి లేచే లోపు సమయపు ప్యాకెట్లు ఆలస్యమవుతాయి. ఆ ప్యాకెట్లకు స్విచ్‌లో మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. వైఫై మీద ఈ పని పెట్టుకోకూడదు.

ఖరీదైన గడియారం కొంటే ధ్వని మెరుగవుతుందన్న నమ్మకం కూడా ఉంది. నేటి మంచి పరికరాల లోపలి గడియారమే చాలా సందర్భాల్లో సరిపోతుంది. అన్నీ దాన్నే అనుసరిస్తున్నాయా అన్నది ముందు చూసుకోవాలి.

సముద్రం అడ్డొస్తే

ఇప్పుడు ఆ పెద్దావిడ పాటకు చెన్నైలో ఒకరు మృదంగం వాయించాలనుకుందాం. చాలా కాలం అండమాన్ దీవులకు బయటి ప్రపంచంతో సంబంధం ప్రధానంగా ఉపగ్రహాల ద్వారానే ఉండేది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది. 85 మీటర్ల అవతల నిలబడి తాళం వేసినట్టు ఉంటుంది. అలా కలిసి పాడటం కుదరదు.

చెన్నైని అండమాన్ నికోబార్ దీవులతో కలిపే దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 1,400 కిలోమీటర్లకు పట్టేది 7 మిల్లీసెకన్లే. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చున్న తోడు వాయిద్యం మన చెవికి చేరడానికి పట్టేంత సమయం. దారిలోని యంత్రాలు దీనికి మరికొంత కలుపుతాయి.

ఆలస్యం తగ్గినా గడియారం సమస్య పోలేదు. పీటీపీ లెక్క ‘రానుపోను ఒకటే’ అన్న ఊహ మీద నిలబడింది. బయటి నెట్‌వర్క్‌లో అది నిలవదు. వెళ్లేటప్పుడు 7, వచ్చేటప్పుడు 9 మిల్లీసెకన్లు పడితే లెక్కలో 1 మిల్లీసెకను తప్పు వస్తుంది. అంటే 48 నమూనాలు. పైగా ఆ తేడా ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది.

అందుకని సముద్రం మీదుగా గడియారాన్ని పంపరు. రెండు చోట్లా మేడ మీద జీపీఎస్ యాంటెన్నా పెట్టి, ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాల నుంచి ఎవరికి వారు సమయం తీసుకుంటారు. అవే అక్కడి లీడర్లకు ఆధారం. కేబుల్ ధ్వనిని మాత్రమే మోస్తుంది. అంత ఏర్పాటు లేని చోట, వచ్చిన నమూనాలను స్థానిక గడియారానికి తగినట్టు మళ్లీ లెక్కగట్టే శాంపుల్ రేట్ కన్వర్టర్‌ను మధ్యలో పెడతారు.

ఆ గదిలో రికార్డింగ్ మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఐదు నిమిషాలది. క్లాక్ తెరపై లీడర్ ఒక్కటే కనిపిస్తోందా, మిగతావన్నీ దానితో కలిశాయా చూసుకుని, కనీసం రెండు మూడు నిమిషాలు రికార్డు చేసి వినాలి. పది సెకన్ల పరీక్షకు దొరకని ‘టక్’ అప్పుడు దొరుకుతుంది. పెద్దావిడ పాట మొదలుపెట్టడానికి ముందే దొరుకుతుంది.