చేప ముక్కు

కొల్లేటి పరిసరాలలోని చేపల చెరువుల గట్టున నిలబడి చూస్తే, నీటిలో వరుసగా పాతిన వెదురు గడలు కనిపిస్తాయి. రంధ్రాలు పొడిచిన సంచులలో తవుడు, చెక్క నింపి ఆ గడలకు కట్టి నీటిలోకి వేలాడదీస్తారు. కొంతసేపటికి బొచ్చెలు, శీలావతులు సంచుల చుట్టూ మూగి, రంధ్రాల నుండి మేతను లాగి తింటాయి. చెరువు నీరు చిక్కగా, ఆకుపచ్చగా ఉంటుంది. మూరెడు లోతున ఉన్నది మనకు కనబడదు. మరి మేత ఎక్కడ ఉన్నదో చేపకు ఎలా తెలుస్తుంది? రోజూ అదే చోటికి వచ్చే అలవాటు కొంత తోడ్పడుతుంది. నీటిలో కరిగిన వాసన కూడా దారి చూపుతుంది.

"చేపకు ముక్కు ఉంటుందా?" అని మీకు సందేహం కలుగవచ్చు. ఈసారి ఇంటికి చేపను తెచ్చినప్పుడు దాని కళ్ళకు ముందు, మూతికి పైన చూడండి. సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. చాలా చేపలకు ఒక్కొక్క వైపున రెండేసి ఉంటాయి. ముందరి రంధ్రం గుండా నీరు లోపలికి పోయి, వెనుక రంధ్రం గుండా బయటికి వస్తుంది. ఈ రెంటి నడుమ పూరేకుల వంటి మడతలు ఉన్నాయి. వాసనను గుర్తించే కణాలు ఆ మడతల మీద ఉంటాయి. మనం ముక్కుతో గాలి కూడా పీలుస్తాము. చేపకు ఆ పని మొప్పలు చేస్తాయి.

మాంసకృత్తులు విడిపోగా ఏర్పడే అమైనో ఆమ్లాలు చేపను మేతవైపు లాగే పదార్థాలలో ముఖ్యమైనవి. నలిగిన వానపాము నుండి ఇవి నీటిలోకి ఊరుతాయి. గాలానికి వానపామును గుచ్చే కుర్రవాడికి వీటి పేరు తెలియకపోయినా, పని తెలుసు.

అమెరికా శాస్త్రజ్ఞుడు జి.హెచ్. పార్కర్ 1910లో దీనిని పరీక్షించి చూశాడు. మన జెల్లల వంటి మీసాల చేపలున్న తొట్టిలో రెండు గుడ్డ మూటలు వేలాడదీశాడు. ఒకదానిలో తరిగిన వానపాములున్నాయి. రెండవది ఖాళీ మూట. చేపలు వానపాముల మూటనే పట్టుకొని లాగసాగాయి. ఈ చేపల మీసాల మీద రుచి మొగ్గలుంటాయి. కనుక అవి రుచివల్ల పసిగట్టాయేమో అనుకోవచ్చు. పార్కర్ కొన్నిటి మీసాలు తీసివేశాడు. అయినా అవి మూటను కనుగొన్నాయి. ముక్కుకూ మెదడుకూ సంబంధం తెంచిన చేపలు మాత్రం మూట పక్కనుండే పోతూ దానిని పట్టించుకోలేదు. పాపం, ఈ ఒక్క సంగతి తెలియడానికి ఆ చేపలు పడిన బాధ తక్కువది కాదు!

వాసన చేపను మేతకు పిలవడమే కాదు, మేత నుండి తరిమివేస్తుంది కూడా. తేనెటీగల నాట్యాన్ని వివరించిన కార్ల్ వాన్ ఫ్రిష్ 1938లో ఈ సంగతి ప్రకటించాడు. గాయపడిన మిన్నో అనే చిన్న చేపను గుంపులోకి వదిలితే, తక్కిన చేపలు మేత విడిచి పారిపోయాయి. చిట్లిన చర్మం నుండి నీటిలో కలిసే పదార్థమే వాటిని బెదరగొట్టిందని ఆయన తేల్చాడు.

ఇక నెత్తళ్ళ సంగతి. యానాంలోనూ, చెన్నైలోనూ, గోపాల్‌పూర్‌లోనూ ఉండే మీకు వాటిని పరిచయం చేయనక్కరలేదు. వాటి జ్ఞాతులే కాలిఫోర్నియా తీరంలో ఉన్నాయి. సముద్రంలో పడిన ప్లాస్టిక్ మీద కొన్నాళ్ళకు నాచు, సూక్ష్మజీవులు పేరుకుంటాయి. అప్పుడు దానికి చేపల మేతను పోలిన వాసన వస్తుంది. 2017లో ప్రచురితమైన పరిశోధనలో అలాంటి ప్లాస్టిక్‌ను నానబెట్టిన నీటిని ఈ చేపల తొట్టిలోకి వదిలారు. మేత వాసన తగిలినప్పటిలాగానే అవి దగ్గరగా గుమిగూడి వెదకసాగాయి. శుభ్రమైన కొత్త ప్లాస్టిక్ నానిన నీటిని వదిలినప్పుడు అలా చేయలేదు.